బావకు పూచీ

సోవన్యాక్,
1575 ఫిబ్రవరి 20, తపస్సుకాలం మొదటి ఆదివారం

అక్కా,

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వెయ్యి. కుశలం అడక్కుండా ముందే ఈ మాట అన్నందుకు ఏమీ అనుకోకు.

రాజుగారి పిలుపు వచ్చింది. ముప్ఫై గుర్రాలతో వెళ్లి సేనాపతి బ్రెసాక్ గారి సైన్యంలో కలవాలి. ఈ వేసవి దాటేలోపు లోత్ నది పొడుగునా, పోపుగారిని కాదన్న మీ కొత్త మతం వాళ్ల చేతిలో ఉన్న కోటలన్నీ ఖాళీ చేయించాలని ఆయన పట్టుదల. జాబితా నా కళ్లతో చూశాను. మీ రోక్‌ఫేర్ కోట ఏడోది.

నా సంగతి నీకు తెలుసు. నేను కాథలిక్కుని, రాజుగారి ఉప్పు తినేవాణ్ణి. అమ్మ పోయాక నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని జపమాల తిప్పడం నేర్పింది నువ్వే. నేర్చుకున్నవాణ్ణి ఇంకా తిప్పుతూనే ఉన్నాను, నేర్పినదానివి మానేశావు. దాని గురించి పన్నెండేళ్లుగా పోట్లాడుకున్నాం, ఇవాళ ఆ జోలికి పోను. అడిగేది ఒక్కటే. సైన్యం కదలకముందే ఆర్నో బావా, నువ్వూ మోంతొబాన్ వెళ్లిపోండి. అక్కడ గోడలు గట్టివి, అంతా మీవాళ్లే. మీ కోట గోడ సంగతి నేను ఎరగనిదా? మీ పెళ్లినాడు దాని మీదికెక్కితే రాళ్లు ఊడి నా కాలు బెణికింది.

బావ దగ్గు ఎలా ఉంది? జవాబు గిల్మెత్ చేతికే ఇవ్వు. నాకు పాలిచ్చిన మనిషి, తన ప్రాణం పోయినా ఉత్తరం పోనివ్వదు. పైగా జున్నుబుట్టతో తిరిగే ముసలమ్మని ఏ పక్షం వాళ్లూ సోదా చెయ్యరు.

నీ తమ్ముడు
ఓదే

&nbsp;

రోక్‌ఫేర్,
మార్చి 14

ఒరేయ్ ఓదే,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. దానిమీద ఉడికిన పంది మాంసం బాగా కుదిరింది. తపస్సుకాలం నలభై రోజులూ మాంసం మానేసి ఎండుచేప తినేవాళ్ల నోరూరించడం పాపమేమో కానీ, తమ్ముణ్ణి ఏడిపించడం మాత్రం ఏ మతంలోనూ పాపం కాదు.

మీ బావకి చదివి వినిపించాను. పగలబడి నవ్వాడు. "మీ తమ్ముడు నా గోడ మీద పడి కాలు బెణికించుకుంటే గోడదేనా తప్పు? ఆ రోజు ఎంత తాగాడో గోడనడుగు, చెబుతుంది" అన్నాడు. దగ్గు గురించి దిగులుపడకు. ఇప్పుడు అసలు దగ్గడం లేదు.

వెళ్లిపొమ్మని సులువుగా రాశావు. మేమిద్దరమే అయితే గుర్రమెక్కి పోవడం ఎంతసేపు? సైన్యం వస్తోందన్న పుకారుకే మూడు ఊళ్ల జనం పిల్లల్నీ మేకల్నీ తోలుకుని లోపలికి వచ్చేశారు. నూట నలభై మంది. వాళ్లకి కాపలాగా ఆయుధం పట్టినవాళ్లు ఇరవై ఆరుగురు. మోంతొబాన్ దాకా రెండు రోజుల నడక, దారంతా మీ గుర్రాలే. వీళ్లని గుమ్మంలో వదిలేసి నేను ఎక్కడికి పోను? నువ్వే నా చోట ఉంటే పోతావా?

నీ కడుపునొప్పికి సోంపు కషాయం తాగు. దండు తిండి నీకు పడదు.

ఇసాబో

&nbsp;

మోంకవేర్ దగ్గర దండులో,
ఏప్రిల్ 12

అక్కా,

కషాయం తాగుతున్నాను. నవ్వించే ఓపిక నాకు లేదు, చూసినది చెబుతాను.

మోంకవేర్ మీ కోటకన్నా పెద్దది. రెండు బురుజులు, లోతైన కందకం. బాకా ఊదేవాడు మూడుసార్లు వెళ్లి లొంగిపొమ్మన్నాడు. అధిపతి మూడుసార్లూ కాదన్నాడు. అప్పుడు ఫిరంగులు తెచ్చారు. ఒక్కో ఫిరంగికి ఇరవై జతల ఎద్దులు, బురదలో నాలుగు రోజులు. గోడ ఒక పూట నిలిచింది.

ఆపైన ఏం జరుగుతుందో బావకి నేను చెప్పక్కర్లేదు, రెండు పక్షాల వాళ్లూ పాటించే రివాజే అది. ఫిరంగికి ఆగలేని గోడ వెనక నుంచుని మొండికేసి, సైన్యం చేత ఫిరంగి పేల్పించినవాడికి క్షమ లేదు. అధిపతిని గుమ్మానికి ఉరితీశారు. తర్వాత ఆయుధం పట్టినవాళ్లందర్నీ. తర్వాత ఊరిమీద సిపాయిల్ని వదిలారు. ఆ మూడో సంగతి గురించి నేను రాయను. నేను ఆపలేకపోయాను అని మాత్రం రాస్తాను.

ఏడో కోటకి ఇంకా రెండు నెలలు పట్టొచ్చు. బావ చేత స్వయంగా రెండు ముక్కలు రాయించు. నీ చేతిరాతలో ఆయన మాటలు నాకు వద్దు. మగవాడు మగవాడితో మాట్లాడితే ఒక దారి దొరుకుతుంది. ఆయన దస్తూరీ చూపిస్తే సేనాపతి దగ్గర నేను నోరు విప్పగలను.

ఓదే

&nbsp;

రోక్‌ఫేర్,
మే 2

ఓదే,

మీ బావ రాయలేడు. గుర్రం మీంచి పడి కుడిచెయ్యి విరిగింది. ఎముకలు కట్టే మనిషి రెండు నెలలు కదపొద్దన్నాడు. అందుకే నేనే రాయాల్సివస్తోంది, నీకు నచ్చినా నచ్చకపోయినా.

మోంకవేర్ సంగతి ఆయనకి చెప్పాను. మొత్తం విన్నాడు. తర్వాత "ఓదేకి చెప్పు, నాకు గోడ మీద ప్రేమ లేదు, లోపలున్న జనం మీదే. వాళ్లని ప్రాణాలతో పోనిస్తామంటే తాళాలు వెండి పళ్లెంలో పెట్టిస్తా" అన్నాడు.

ఒక సంగతి అడుగుతాను, ఊరికే. అధిపతి జబ్బుపడి మంచం దిగలేకపోతే మీ సేనాపతి ఎవరితో ఒప్పందం చేసుకుంటాడు? పక్క కోట వాళ్లకి అలాంటి ఇబ్బంది వచ్చిందట, వాళ్ల కోసం అడుగుతున్నాను.

జనం పెరగలేదు, తగ్గలేదు. చెస్ట్‌నట్ పిండి రొట్టె తింటున్నాం. పిల్లలు మేకపాలు దొంగతనంగా పితుక్కుని తాగుతున్నారు, చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను.

ఇసాబో

&nbsp;

రాజుగారి దండు, రోక్‌ఫేర్ ఎదుట,
జూన్ 8

మేడమ్ ద రోక్‌ఫేర్ గారి సముఖానికి,

సేనాపతి గారి ఆజ్ఞ మేరకు మీ భర్తగారికి ఈ షరతులు తెలియజేయడమైనది. సెయింట్ జాన్ పండుగనాడు, అంటే ఈ నెల 24న, మధ్యాహ్నం గంట మోగేలోపు మోస్యూ ఆర్నో ద రోక్‌ఫేర్ స్వయంగా బయటికి వచ్చి, ఏడాదిపాటు రాజుగారిపై కత్తి ఎత్తనని మాట ఇవ్వవలెను. అటుల చేసినయెడల లోపలివారందరూ ప్రాణములతో, మోయగలిగిన సామానుతో వెడలిపోవచ్చును. లేనియెడల ఫిరంగులు పేల్చబడును.

మీ విధేయుడు,
ఓదే ద సోవన్యాక్

&nbsp;

అదే రోజు, గిల్మెత్ బుట్టలో

అక్కా,

బాకావాడు తెచ్చిన కాగితం సేనాపతి చదివి పంపింది, అందుకే అంత బిగదీసుకుని రాశాను. ఇది నా ఉత్తరం.

ఆ షరతులు అంత తేలిగ్గా రాలేదు. బ్రెసాక్ గారికి మీ కోట మీద జాలేమీ లేదు. కాకపోతే దండులో విరేచనాలు పట్టుకున్నాయి, ఎద్దులు చస్తున్నాయి. ఫిరంగి లేకుండా పని అయితే మేలని ఆయనకీ ఉంది. నేను అది కనిపెట్టి అడిగాను.

"మీ బావ వస్తాడని నమ్మకమేంటయ్యా?" అన్నాడు.

"నేను పూచీ" అన్నాను.

"రాకపోతే?"

"నా కత్తి మీ కాళ్ల దగ్గర పెడతాను. నా తల కూడా."

దండు పెద్దలంతా వింటుండగా అన్నాను, అక్కా. ఆయన నవ్వి, "మాలో ఎవడూ ఆ మనిషి మొహం చూడలేదు. వచ్చినవాడు వాడేనని ఎవరు చెబుతారు?" అన్నాడు. నేనే చెబుతానన్నాను. "సరే. సోవన్యాక్ వాళ్లు అబద్ధమాడరని మా నాన్న కూడా అనేవాడు" అని చెయ్యి కలిపాడు. నాన్న ఉంటే ఆ మాట విని పొంగిపోయేవాడు. నాకూ కాస్త గర్వమనిపించింది.

నువ్వు పక్క కోట వాళ్ల కోసం అడిగావే, దానికి జవాబు: అధిపతి లేని కోటతో ఎవరూ ఒప్పందం చేసుకోరు. మాట ఇవ్వడానికి ఒక పెద్దమనిషి ఉండాలి. ఆడవాళ్లు ఇచ్చిన మాట, నౌకర్లు ఇచ్చిన మాట యుద్ధంలో చెల్లవు. మంచంతో సహా మోసుకొచ్చినా సరే, అధిపతి బయటికి రావాల్సిందే.

బావ చెయ్యి కట్టు కట్టుకునే రానీ. నేను గుమ్మం దగ్గరే ఉంటాను. పదహారు రోజుల్లో అంతా అయిపోతుంది.

ఓదే

&nbsp;

రోక్‌ఫేర్,
జూన్ 13

ఓదే, నా తండ్రీ,

ఎవరు చెయ్యమన్నారురా నిన్ను ఈ పని? నీ తల పూచీ పెట్టేముందు నన్నొక్క మాట అడగొద్దా?

మీ బావ లేడు. మార్చి తొమ్మిదిన పోయాడు. దగ్గు గుండెల్లోకి దిగి, మూడు రోజులు నెత్తురు కక్కుకుని, నా చేతుల్లో పోయాడు. నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వాడని నేను రాసినప్పటికి ఆయన్ని మట్టిలో పెట్టి అయిదు రోజులైంది. ఇప్పుడు దగ్గడం లేదని రాశాను చూడు, అది ఒక్కటే నిజం.

చెయ్యి విరగడం అబద్ధం. ఆయన మాటలని నీకు రాసినవన్నీ నా మాటలే. ద్రాక్ష గానుగ కొట్టంలో మా బోధకుడు, కమ్మరి పోన్స్, నేను, ముగ్గురమే పాతిపెట్టాం. ఆయన మంచంలో ఉన్నాడని అందరికీ చెప్పాను. రోజూ రెండుపూటలా పళ్లెం లోపలికి పట్టుకెళ్లి ఆ తిండి నేనే తింటున్నాను. భర్త పోయినదాన్ని, ఒక్కసారి గట్టిగా ఏడవలేదు. గది బయట వింటారు కదా.

ఎందుకు దాచావంటావు. ఆయన పోయాడని తెలిస్తే ఆ ఇరవై ఆరుగురు ఒక్కొక్కడే గోడ దూకి పోతారు. మూడు ఊళ్ల జనం నా మొహం చూసి లోపలికి రాలేదు, ఆయన మొహం చూసి వచ్చారు. నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు ఆ దండులో ఉన్నావు, నీకు అబద్ధం చేతకాదు. ఎవరైనా అడిగితే నీ మొహమే చెప్పేస్తుంది. నిన్ను నమ్మలేదని కాదురా. నిన్ను నమ్మాను కాబట్టే చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు వెంటనే ఆ సేనాపతి దగ్గరికి వెళ్లు. అక్క మోసం చేసిందని చెప్పు. అది నిజమే కదా. నీ పూచీ నువ్వు వెనక్కి తీసుకో. ఇక్కడ ఏం జరగాలో అది జరుగుతుంది. నూట అరవై ఆరు మందిని నేను కాపాడలేకపోయాను, నిన్నొక్కణ్ణయినా మిగుల్చుకోనీ.

అక్క

&nbsp;

దండు,
జూన్ 15

నీ ఉత్తరం చదివినప్పటినుంచి ఒళ్లు మండిపోతోంది. బావ కోసం తపస్సుకాలమంతా జపమాల చెప్పుకున్నాను, ఆయన దగ్గు తగ్గాలని. మట్టిలో ఉన్న మనిషి కోసం! నన్ను ఎంత వెర్రివాణ్ణి చేశావు? మూడు నెలలుగా నా చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నావు, చిన్నప్పుడు నడిపించినట్టే.

నువ్వు చెప్పినట్టే వెళ్లాను. సేనాపతి గుడారం దాకా వెళ్లాను. బయట ఫిరంగి వాళ్లు ఇరుసులకి కొవ్వు పూస్తున్నారు. వాళ్లలో ఒకడు, "ఈ కోటలో ఆడాళ్లు ఎక్కువంటగా" అన్నాడు. రెండోవాడు నవ్వాడు. మోంకవేర్‌లో నేను రాయనన్న మూడో సంగతి, అక్కా, అప్పుడు కూడా వీళ్లు ఇలాగే నవ్వారు.

లోపలికి వెళ్లి నిజం చెబితే నా మాట మిగులుతుంది. నా మాట తప్ప ఇంకేమీ మిగలదు.

వెనక్కి వచ్చేశాను.

బ్రెసాక్ గారికి బావ మొహం తెలియదు. దండులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, వచ్చినవాణ్ణి గుర్తుపట్టాల్సింది కూడా నేనే. బావ ఎత్తున్న మనిషిని ఒకణ్ణి చూడు. గడ్డం కత్తిరించి, బావ అంగీ వేసి, బావ గుర్రం మీద పంపు. కుడిచేతికి నీ అబద్ధపు కట్టు నిజంగానే కట్టు, అప్పుడు సంతకం చెయ్యమని అడగరు. బావ ఉంగరంతో ముద్ర వేస్తే చాలు. నేను చేతులు చాచి ఎదురెళ్తాను.

ఎక్కువ మాట్లాడనివ్వకు. ఎవరితోనూ చెప్పకు. నామీద నాకే అసహ్యంగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఓదే

&nbsp;

రోక్‌ఫేర్,
జూన్ 18

ఓదే,

మూడు రోజులుగా నీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. కాల్చడానికి మనసు రాలేదు, ఇవాళ కాల్చేశాను.

కమ్మరి పోన్స్ ఒప్పుకున్నాడు. ఎత్తు సరిపోయింది. ఆయన్ని పాతిపెట్టినవాళ్లలో ఒకడు కాబట్టి కొత్తగా ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. గుమ్మం తెరిచేదాకా తక్కినవాళ్లు మంచంలో ఉన్న దొరే లేచాడనుకోవాలి. అందుకని గది తలుపులేసి నడక నేర్పిస్తున్నాను. "అమ్మగారూ, దొరగారి నడక నాకెక్కడ వస్తుందండీ! ఆయన నేల తనదైనట్టు నడుస్తాడు, నేను బండ తగులుతుందేమో అన్నట్టు నడుస్తా" అంటాడు. ఉంగరం వాడి వేళ్లకి పట్టలేదు, తాడుకట్టి మెళ్లో వేశాను. గోళ్లకింద మసి మాత్రం రుద్ది రుద్ది నా వేళ్లు పుండ్లయ్యాయి కానీ పోవడం లేదు. చేతితొడుగు వేస్తాను.

మెడ మీద కత్తి ఉంటే వాడేమంటాడో తెలియదు. మంచివాడు. పెళ్లాం, ముగ్గురు పిల్లలు, అందరూ లోపలే ఉన్నారు.

నీ దేవుడూ నా దేవుడూ ఒక్కడేనని నేను ఎప్పుడూ అనలేదు, పౌరుషం కొద్దీ. ఇవాళ అంటున్నాను.

అక్క

&nbsp;

సోవన్యాక్,
జూలై 5

అక్కా,

మీరంతా మోంతొబాన్ క్షేమంగా చేరారని గిల్మెత్ చెప్పింది. నన్ను నెల రోజులకి ఇంటికి పంపారు. గుడారంలో ఏం జరిగిందో నువ్వు చూడలేదు, చెబుతాను.

గంటకి ఇంకా కాసేపుందనగా గుమ్మం తెరుచుకుంది. నీ పక్కన గుర్రం మీద వాడు వస్తుంటే ఒక్క క్షణం నిజంగానే బావ అనుకున్నాను. ఎదురెళ్లి "బావా!" అని కౌగిలించుకున్నాను. గుర్రపు డెక్క కాల్చిన వాసన. నాకు ఏడుపొచ్చింది, అది దొంగ ఏడుపు కాదు. బావ పోయాడని తెలిశాక నేను ఏడ్చింది అప్పుడే. దండు వాళ్లంతా చూసి ముచ్చటపడ్డారు.

గుడారంలో సేనాపతి ద్రాక్షసారా పోయించాడు. పోన్స్ ఎడంచేత్తో అందుకున్నాడు. ముద్ర వేశాడు. ఏడాదిపాటు కత్తి పట్టనని మాట ఇచ్చాడు. సుత్తి పట్టుకునే మనిషికి అది కష్టమేమీ కాదు. అంతా అయిపోయిందనుకున్నాను. ఈలోగా వీడి చూపు తెరలోంచి బయట కట్టేసిన సేనాపతి గుర్రం మీద పడింది. "ఎడం వెనక్కాలి నాడా ఊడొస్తాందండీ. రెండు మేకులు లేవు. ఇంకో కోసు నడిస్తే డెక్క చీలుద్ది" అన్నాడు.

ఆ యాస, ఆ మాట! బ్రెసాక్ గారు బయటికి వెళ్లి గుర్రం కాలు ఎత్తి చూశారు. తిరిగొచ్చి పోన్స్ మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"మీ బావకి గుర్రాలంటే బాగా తెలుసే."

"లాయంలోనే పెరిగాడండీ. వాళ్ల నాన్న తిట్టేవాడు" అన్నాను.

"అలాగా." ఆయన నవ్వలేదు. "మాట తీసుకున్నాను కదా, చాలనుకున్నాను. ఇప్పుడు ప్రమాణం కావాలనిపిస్తోంది. ఈయనది కాదు, వీళ్ల ప్రమాణాలు నాకు అక్కర్లేదు. నీది కావాలి, సోవన్యాక్. కాథలిక్కువి నువ్వు."

దండు మతగురువుగారిని పిలిపించారు. ఆయన సువార్త గ్రంథం తెచ్చి, దానిమీద పునీతుడి ఎముక ఉన్న వెండిపెట్టె పెట్టారు. నేను దానిమీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. "ఈయన నా అక్క ఇసాబో భర్త, ఆర్నో ద రోక్‌ఫేర్. అబద్ధమైతే దేవుడు నన్ను విడిచిపెట్టుగాక" అన్నాను. నా మొహమే చెప్పేస్తుందన్నావు చూడు, చెప్పలేదు.

తర్వాత గట్టు మీద నుంచుని మీరు పోతుంటే చూశాను. బళ్లు, మేకలు, తోపుడుబండిలో ఒక అవ్వ, నెత్తిన కోళ్లగంపతో ఒకామె. చివరి మనిషి వంతెన దాటేదాకా లెక్కపెట్టాను. నూట అరవై ఆరు, నువ్వు కాక. నువ్వు నావైపు తిరిగి చూడలేదు, పోన్స్ పక్కనే భార్యలా వెళ్లిపోయావు. చూడనందుకే నీకు దణ్ణం పెట్టాను.

ఓదే

&nbsp;

మోంతొబాన్,
అక్టోబర్ 20

ఓదే,

అందరూ బతికే ఉన్నారు. ఇది రాయడానికి ఎంత బావుందో, నీకోసం ఇంకోసారి రాస్తాను: అందరూ బతికే ఉన్నారు.

పోన్స్ ఇక్కడ తోళ్ల వీధి మొదట్లో కొలిమి పెట్టుకున్నాడు. వాళ్లావిడ వాణ్ణి "దొరగారూ, కాస్త నీళ్లు తెస్తారా?" అని ఏడిపిస్తోంది. మొన్న మనవాళ్లలో ఒకామెకి కొడుకు పుడితే నీ పేరు పెడతామన్నారు. అది బైబిల్లో లేదని మా బోధకుడు మొహం మాడ్చాడు. చివరికి గిద్యోను అని పెట్టారు, ఇంట్లో మాత్రం ఓదే అనే పిలుస్తున్నారు. నేను ఇప్పుడు నల్లబట్టలు కట్టుకుని హాయిగా, గట్టిగా ఏడవగలుగుతున్నాను.

గిల్మెత్ ఒక మాట అంది. నువ్వు పూజకి వెళ్తున్నావు గాని గురువుగారి చేతి అప్పం, అదే మీ సత్ప్రసాదం, తీసుకోవడం లేదట. ఒంట్లో బాగాలేదా?

అక్క

&nbsp;

సోవన్యాక్,
1576 మార్చి 25

అక్కా,

ఇన్నాళ్లూ జవాబు రాయనిది నీమీద కోపంతో కాదు. ఏం రాయాలో తెలియక.

పాపసంకీర్తనానికి వెళ్లాను. జూలై నుంచి నాలుగుసార్లు వెళ్లాను. నా మొదటి సత్ప్రసాదం ఇచ్చిన మన పాత గురువుగారే విన్నారు. దేవుడి గ్రంథం మీద చెయ్యి పెట్టి అబద్ధపు ప్రమాణం చేశానని చెప్పాను. ఆయన ఏడ్చారు. "పెద్ద పాపమే. అయినా దేవుడు క్షమిస్తాడు. తప్పు చేశాననీ, మళ్లీ చెయ్యననీ అను" అన్నారు.

అనలేకపోయాను.

మోంకవేర్‌లో ఆపలేకపోయినందుకు పశ్చాత్తాపపడ్డాను. గర్వానికి పడ్డాను, తిండికి, కోపానికి, అన్నిటికీ పడ్డాను. ఇదొక్కటీ గొంతు దిగదు. ఆ అవ్వ తోపుడుబండిలో కూర్చుని వంతెన దాటడం గుర్తొస్తుంది. రేపు మళ్లీ ఆ గుడారంలో నిలబెడితే మళ్లీ అదే చెబుతాను, ఇంకా గట్టిగా చెబుతాను. పశ్చాత్తాపం లేనివాడికి క్షమాపణ ఇచ్చే అధికారం గురువుకి లేదు. క్షమాపణ లేనివాడు సత్ప్రసాదం ముట్టకూడదు. ఈ నియమాలు నాకు నేర్పింది నువ్వే.

"మనసులో లేకపోయినా నోటితో అనరా ఓదే. ముసలాణ్ణి, బతిమాలుతున్నా" అన్నారు చివరిసారి.

ఈస్టర్‌కి నాలుగు వారాలుంది. ఈస్టర్‌కి సత్ప్రసాదం తీసుకోనివాళ్ల పేర్లు బిషప్పుగారికి వెళ్తాయి. మామూలు రోజుల్లో అయితే మందలింపుతో పోతుంది. ఇప్పుడు ఊళ్లో ఒక సోదరసంఘం లేచింది, కసాయి వాళ్లూ నోటరీలూ కలిసి కత్తులతో కాపలా తిరుగుతున్నారు. ఈస్టర్‌కి ప్రసాదం పంచే బల్ల దగ్గరికి రానివాడు కొత్త మతం వాడేనని వాళ్ల లెక్క. అక్క అక్కడుంది కదా, తమ్ముడూ అటే పోయాడంటున్నారు. నిన్న నా వీధి తలుపు మీద సుద్దతో గీత గీశారు. కారణం చెబితే పోన్స్ మెడకీ నా మెడకీ ఒకే తాడు పడుతుంది. గురువుగారు సంకీర్తనంలో విన్నది బయటపెట్టకూడదు.

ఓదే

&nbsp;

మోంతొబాన్,
ఏప్రిల్ 9

ఒరేయ్ మూర్ఖుడా,

అనెయ్యి! ఒక్క ముక్క. "తప్పు చేశాను." ఎంతసేపు పడుతుంది? సేనాపతి ముందు, పునీతుడి ఎముక మీద చెయ్యి పెట్టి చెప్పగలిగినవాడివి, ఆ ముసలాయన చెవిలో చెప్పలేవా? ఈ సంకీర్తనాలన్నీ మనుషులు కల్పించినవని నేను పదమూడేళ్లుగా నీతో పోట్లాడుతున్నాను. ఇవాళ నేనే మోకాళ్ల మీద పడి అడుగుతున్నాను, వెళ్లి చేసుకో. పూర్తిగా చేసుకో. కావాలంటే కొవ్వొత్తి కూడా వెలిగించు.

సుద్ద గీత అంటే ఏమిటో నాకు చెప్పకు. నాలుగేళ్ల కిందట పారిస్‌లో మావాళ్లని నరికేముందు వాళ్ల తలుపుల మీద ఏం గీశారో నాకు తెలుసు.

లేదా ఇక్కడికి వచ్చెయ్యి. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అనరు. వీళ్లందరికీ నువ్వంటే దేవుడితో సమానం. వచ్చెయ్యరా. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

అక్క

&nbsp;

సోవన్యాక్,
ఏప్రిల్ 23, ఈస్టర్ మర్నాడు

అక్కా,

నువ్వు చెప్పింది చేద్దామనే బయల్దేరాను. నిజం. శనివారం సాయంత్రం గురువుగారి ముందు మోకరించి నోరు తెరిచాను. వినేది గురువుగారొక్కరే అయితే ఆ మాట అనగలిగేవాణ్ణేమో, కానీ ఆయన చెవితో వినేది దేవుడు. సేనాపతికి అబద్ధం చెప్పాను, ఎందుకంటే ఆయన చేతిలో మీ ప్రాణాలున్నాయి. దేవుడికి ఎందుకు చెప్పాలి? నా ప్రాణం కోసమా? అది మాత్రం నాకు నిజంగా సిగ్గనిపించింది, అనకుండానే లేచి వచ్చేశాను.

నిన్న గుడి నిండిపోయింది. సంఘం వాళ్లు తలుపుల దగ్గర కత్తులతో నుంచున్నారు. వేళయ్యాక వరసలన్నీ లేచాయి. నా ముందు బెంచీ లేచింది, నా వెనక బెంచీ లేచింది. నేను కూర్చునే ఉన్నాను. ఊరంతా బల్ల దగ్గరికి వెళ్లి తిరిగొచ్చి నా పక్కనుంచి దాటిపోయింది. అందరూ అయిపోయాక గురువుగారు అప్పం చేత్తో పట్టుకుని నావైపే చూస్తూ నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. నేను తల అడ్డంగా ఊపాను.

గుడి బయట కసాయి సంఘం పెద్ద అడిగాడు. "దొరా, ఊరంతా తిన్నది మీకు రుచించలేదా? మీ అక్కగారి మతమేనా ఇక?"

"కాదు. నేను కాథలిక్కుని" అన్నాను.

"అయితే ఎందుకు లేవలేదు?"

నేను అతన్ని దాటుకుని మెట్లు దిగాను. ఆదివారందాకా గడువిచ్చారు, ఊరు వదిలిపొమ్మని, లేకపోతే కత్తులతో ఇంటికొస్తామని. నేను వదలను. నౌకర్లని పంపేశాను. గిల్మెత్ పోనని మొండికేస్తే ఈ ఉత్తరం అంది తీరాలని చెప్పి నీ దగ్గరికి పంపుతున్నాను. ఆమెని తిరిగి రానివ్వకు.

మోంతొబాన్ రాలేను, అక్కా. అక్కడ నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మీవాళ్లంతా పాటలు పాడి, మావాడివైపోయావంటారు. నేను కాదు. నాకు ఈ గుడే కావాలి, ఆ బల్లే కావాలి, నిన్న నా ఒళ్లంతా దాని కోసం కొట్టుకుపోయింది. మీ ఊరొచ్చి మీవాణ్ణని తల ఊపడం కూడా అబద్ధమే అవుతుంది. ఇక్కడే ఉండి, అడిగినవాడికి నేనెవరో చెబుతాను.

పోన్స్ వాళ్ల పిల్లల్ని అడిగానని చెప్పు. ఆ గిద్యోనుకి పళ్లొచ్చాయా?

ఓదే